కుర్చీ ఇచ్చాం, పని లాక్కున్నాం



తిరువూరులో మనవాళ్ళుండే ఏ గల్లీలోకైనా పగలు పదకొండు గంటలకు వెళ్ళి చూడండి. ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీ, అందులో ఒక బడే మియా. తలమీద టోపీ, చేతిలో తస్బీ లేదా ఫోను, పక్కన స్టూలు మీద బీపీ మాత్రల డబ్బా. ఫజర్‌కు లేచారు. చాయ్ తాగారు. పేపర్ మొత్తం చదివారు, టెండర్ ప్రకటనలతో సహా. వాట్సాప్‌లో వచ్చిన నాలుగు వీడియోలు చూసి, నిజమో అబద్ధమో తెలియకుండానే నలభై మందికి పంపారు. జుహర్‌కు ఇంకా రెండు గంటలుంది. ఆ రెండు గంటల గురించే ఈ మజ్మూన్.

"ఖైరియత్ హై చచ్చా?" అని అడగండి. "అల్‌హందులిల్లాహ్, అల్లా కా కరం" అంటారు. ఇంకో నిమిషం నిలబడితే మోకాళ్ళ సంగతి చెప్తారు. ఐదు నిమిషాలు నిలబడితే, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదని చెప్తారు. ఐదు నిమిషాలు ఎవరూ నిలబడరు. బండి స్టార్టులోనే ఉంటుంది.

మన కౌమ్‌లో దీని పేరు ఆరామ్. ఏ జుర్మ్ చేశారని ఈ సజా వేశామో మాత్రం నాకు అర్థం కాదు.

రిటైర్మెంట్ అనగానే పూలదండ, శాలువా, గ్రూపు ఫోటో గుర్తొస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారీ ఉద్యోగులకు ఆ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. మన మొహల్లాల్లో ఆ శాలువా కప్పించుకున్నవాళ్ళు ఎంతమంది? ఒక ఉర్దూ టీచర్ సాబ్, ఒక ఆర్టీసీ కండక్టర్, ఒక లైన్‌మన్, తహసీల్దార్ ఆఫీసులో చేసిన ఒకాయన. మిగతావాళ్ళంతా దర్జీలు, మెకానిక్కులు, వెల్డింగు చేసినవాళ్ళు, పరుపులు కుట్టినవాళ్ళు, లారీ తోలినవాళ్ళు, సీజన్‌లో మామిడి తోటలు పట్టినవాళ్ళు. 2006లో సచార్ కమిటీ లెక్క తీస్తే దేశంలో పనిచేసే ముస్లింలలో 61 శాతం మంది సొంత పని మీద బతికేవాళ్ళేనని తేలింది. సొంత పనికి రిటైర్మెంట్ తేదీ ఉండదు. సూది బెజ్జంలోకి దారం ఎక్కని రోజు దర్జీకి రిటైర్మెంట్. క్లచ్ మీద కాలు వణికిన రోజు డ్రైవర్‌కు రిటైర్మెంట్. దండ లేదు, ఫోటో లేదు. నలభై ఏళ్ళు "ఉస్తాద్" అని పిలిపించుకున్న మనిషిని మర్నాటి నుంచి ఆ పేరుతో పిలిచేవాడు ఉండడు.

సర్కారు తన వంతు ఏదో చేస్తోంది. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. మందులకూ చాయ్‌కూ ఆసరా. కొడుకులు చూడకపోతే 2007 నాటి చట్టం ఉంది, ట్రిబ్యునల్‌కు వెళ్ళి ఖర్చులు ఇప్పించుకోవచ్చు. పగలు పదకొండు గంటలకు ఒక మనిషి ఏం చేయాలన్నదానికి మాత్రం జీవో లేదు. ఉండదు కూడా. అది కౌమ్ చూసుకోవాల్సిన విషయం.

కౌమ్ ఏం చేసింది? కుర్చీ ఇచ్చింది. మస్జిద్‌లో వెనక సఫ్ చూడండి. పదేళ్ళ కిందట రెండో మూడో కుర్చీలుండేవి. ఇప్పుడు గోడ పొడుగునా కుర్చీలే. మోకాళ్ళు అరిగినవాళ్ళకు కుర్చీ వేయడం తప్పని నేననను. బుజుర్గులకు మన దగ్గరున్న జవాబు అదొక్కటే అయిపోయిందే అన్నది నా బాధ.

కొడుకుల సంగతి ఇంకో రకం. కువైట్‌లోనో దుబాయ్‌లోనో నాలుగు డబ్బులు రాగానే వాడు చేసే మొదటి పని వీడియో కాల్‌లో హుకుం జారీ చేయడం. "అబ్బా, ఆప్‌కు కైకు యే తక్లీఫ్, దుకాన్ బంద్ కర్‌దో, ఆరామ్ సే బైఠో." వినడానికి ప్రేమలాగే ఉంటుంది. సగం ప్రేమే. మిగతా సగం ఇజ్జత్. తమ్ముడికి రిష్తా చూస్తున్నప్పుడు "బాప్ క్యా కర్తే?" అని అడిగితే "పంచర్లు వేస్తారు" అని చెప్పడం వాడికి కష్టం. అందుకని షట్టర్ దించి అద్దెకిస్తారు. పానాల సెట్టు, వైస్, అబ్బా అబ్బాజాన్ చేతి నుంచి వచ్చిన సుత్తి, అన్నీ కిలోల లెక్కన పాత ఇనుప కొట్టుకు పోతాయి. అమ్మగా వచ్చిన డబ్బుతో ఒక రోజు బిర్యానీ కూడా రాదు. ఆ సాయంత్రం ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో వీడియో కాల్‌లో కనిపించదు. కెమెరా ముందు అందరూ నవ్వుతారు.

ఇక ఇంట్లో బీబీ. ఆమెకు రిటైర్మెంట్ అనేదే లేదు కదా. ఇంతకాలం పగటిపూట ఆమెకు కాస్త ఊపిరి తీసుకునే వేళ ఉండేది, ఇప్పుడు అదీ పోయింది. గంటకోసారి చాయ్, అన్నంలో ఉప్పు తక్కువ, ఫ్యాను ఎవరు వేశారు, లైటు ఎవరు ఆర్పలేదు. "ఆయన ఇంట్లో ఉంటే నాకు ఇంకో అత్తగారు వచ్చినట్టుంది" అని మా బంధువుల్లో ఒక ఖాలా అంది. నవ్వుతూనే అంది, కానీ నిజమే అంది.

ఈ రోగం మనకొక్కళ్ళకే పట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఒక రిపోర్టు ఇచ్చింది. లోకంలో ఆరుగురిలో ఒకరు తన్హాయితో బాధపడుతున్నారట, ఏటా 8,71,000 మందికి పైగా మరణాలకు దానితో సంబంధం ఉందట. మందు కోసం వెతికినవాళ్ళూ ఉన్నారు. ఆస్ట్రేలియా దక్షిణాన గుల్వా అని ఒక చిన్న ఊరు. 1993లో అక్కడి వృద్ధుల కేంద్రంలో పనిచేసే మాక్సిన్ కిట్టో అనే ఆవిడ మగవాళ్ళ కోసం ఒక రేకుల షెడ్డు తెరిపించింది. 1998లో విక్టోరియా రాష్ట్రంలో టొంగాలా అనే ఇంకో చిన్న ఊళ్ళో "మెన్స్ షెడ్" అన్న పేరుతోనే ఇంకొకటి లేచింది. రెండూ మన తిరువూరు కన్నా చిన్న ఊళ్ళే. లోపల ఏముంటుంది? ఒక పొడవాటి బల్ల, రంపాలు, సుత్తులు, చిత్రిక, వైస్, ఒక మూల టీ కెటిల్. రిటైరైన మగవాళ్ళు వస్తారు. విరిగిన కుర్చీ బాగుచేస్తారు, స్కూలు పిల్లలకు బొమ్మలు చేస్తారు, ఎవరి సైకిలో విప్పుతారు. ఫీజు నామమాత్రం. డాక్టరు ఉండడు, లెక్చరు ఉండదు. ఇప్పుడు ఆ ఒక్క దేశంలోనే 1,200కు పైగా షెడ్లున్నాయి. 2007లో వాటికొక అసోసియేషన్ ఏర్పడింది, 2010లో అక్కడి సర్కారు మగవాళ్ళ ఆరోగ్య పాలసీలో షెడ్లకు చోటిచ్చి డబ్బు కేటాయించింది. ఐర్లండ్‌లో 2011లో, బ్రిటన్‌లో 2013లో అసోసియేషన్లు పుట్టాయి. ఐర్లండ్ వాళ్ళు షెడ్డులోనే ఆరోగ్యం గురించి చెప్పే ప్రోగ్రామ్ ఒకటి పెట్టారు. ఆస్పత్రికి రాని మగాడు షెడ్డుకు వస్తాడని వాళ్ళకు తెలుసు.

వాళ్ళ నినాదం విని నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు. మగవాళ్ళు ముఖాముఖి మాట్లాడరు, భుజానికి భుజం ఆనించి మాట్లాడతారు అంటారు వాళ్ళు.

భుజానికి భుజం! కంధే సే కంధా! ఎవరికి చెప్తున్నారండీ ఈ మాట? రోజుకు ఐదుసార్లు ఇమామ్ సాబ్ వెనక్కి తిరిగి "సఫే సీధీ కర్‌లో, కంధే సే కంధా మిలాలో" అని చెప్పేది మనకే కదా. పద్నాలుగు వందల ఏళ్ళుగా సఫ్ కడుతున్న ఉమ్మత్ మనది. సలాం తిప్పిన రెండో నిమిషానికి చెప్పులు వెతుక్కుంటాం. పక్కన నిలబడినాయన భుజం వారం నుంచి రాలేదని జనాజా ఎలాన్ విన్నాక గాని తెలియదు.

ఇక్కడ ఒక హజ్రత్ లేస్తారని నాకు తెలుసు. "ఉమ్ర్ అయిపోయింది, ఇక ఇబాదత్ చేసుకోవాలి గానీ సుత్తులూ మేకులూ ఏంటి?" అంటారు. హజ్రత్, అదబ్‌తోనే అడుగుతున్నాను. దావూద్ అలైహిస్సలాం బాద్‌షా అయ్యుండి తన చేతి కష్టం తిన్నారని మీరే జుమా బయాన్‌లో చెప్పారు. జకరియా అలైహిస్సలాం వడ్రంగి అని సహీహ్ ముస్లింలో ఉంది. మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం ఇంట్లో తన చెప్పులు తానే కుట్టుకునేవారని ఆయిషా రజియల్లాహు అన్హా చెప్పిన సంగతి మీరు మదర్సా పిల్లలకు బట్టీ పట్టిస్తారు. ఖియామత్ వచ్చేస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటేయమన్న దీన్ మనది. అరవై రెండేళ్ళకే చేతులు ముడుచుకోమని ఏ కితాబులో ఉంది? తస్బీ తిప్పే వేళ్ళు ఉలి పట్టుకుంటే మక్రూహ్ అవుతుందా?

మస్లా దీన్‌లో లేదు. మన షరాఫత్‌లో ఉంది. ఈ మాట రాస్తే కొంతమందికి కోపం వస్తుంది, రానివ్వండి. "హాత్ కా కామ్" అనే మాటను మనం ఎలా పలుకుతామో గమనించండి. ఇస్లాంలో జాత్‌పాత్ లేదని స్టేజీ మీద గొంతు చించుకుంటాం. కిందకు దిగాక పేరు ముందు సయ్యద్, షేక్, పఠాన్ తగిలించుకుని, దూది ఏకి బతికిన నూర్‌బాషా ఇంటికి పిల్లనివ్వాలంటే ఏదో ఒక బహానా వెతుకుతాం. వాళ్ళకు ఉర్దూ రాదంటాం, తెలుగు పేర్లు పెట్టుకుంటారంటాం. అసలు సంగతి వాళ్ళు చేతులతో పనిచేశారని. బల్ల ముందుకు వస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. పరుపులు కుట్టిన నూర్‌బాషా తాత అక్కడ ఉస్తాద్. తహసీల్దార్ ఆఫీసులో ఫైళ్ళు చూసిన సాబ్ షాగిర్ద్. దబ్బనం ఎలా పట్టుకోవాలో సాబ్ ఆయన్ని అడిగి నేర్చుకోవాలి. షెడ్డంటే నాకు ఇంత ఇష్టం కలగడానికి సగం కారణం ఇదే. కొందరికి ఇష్టం లేకపోవడానికి పూర్తి కారణం ఇదే అనుకుంటాను.

ఒక కమిటీ ముందు నేను ఈ ప్రస్తావన పెట్టాను. ఊరి పేరు చెప్పను. వాళ్ళ చేతిలో రోడ్డు మీద షట్టర్లున్నాయి, ఒకటి రెండేళ్ళుగా ఖాళీ. అది పొద్దున పూట మూడు గంటలు బుజుర్గులకు ఇవ్వండి, అద్దె వచ్చేవరకైనా ఇవ్వండి అన్నాను. ఒకాయన "యే క్యా నయా ఫిత్నా?" అన్నారు. ఇంకొకాయన "షోర్ అవుతుంది" అన్నారు. నికాహ్ రోజున డీజే పెట్టినప్పుడు ఆ షోర్ గుర్తురాలేదు. మూడో ఆయన మంచి మనిషి, "కావాలంటే ఇంకో నాలుగు కుర్చీలు కొందాం" అన్నారు. ఆ మీటింగులోనే మీనార్‌కు రంగుల లైట్ల ఖర్చు ఐదు నిమిషాల్లో పాసయింది.

తిరువూరు నుంచి మైలవరం మీదుగా విజయవాడ వెళ్ళే బస్సు ఎక్కితే దారిలో కొండపల్లి వస్తుంది. బొమ్మల కాలనీలో దిగి చూడండి. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, ముక్కలు చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, రంగు వేస్తారు. అది వాళ్ళ రోజీ, కష్టాలూ ఉన్నాయి, చెట్టు దొరకడమే కష్టమైపోయింది. దాన్ని నేను పిక్నిక్ లాగా చూపించడం లేదు. అక్కడ ఒక బొమ్మ ఒక్కడి చేతిలో పూర్తి కాదు. చెక్కేవాళ్ళు ఒకరు, అతికేవాళ్ళు ఒకరు, రంగులు ఒకరు. చూపు తగ్గితే ఒక పని పోతుంది, అన్ని పనులూ పోవు. మనవాళ్ళకు కావలసింది అంతే. అన్నీ చేయలేని మనిషికి చేయగలిగింది ఒకటి మిగలాలి.

మనం మొదలుపెడితే చేయడానికి ఏముందని అడగకండి. ప్రతి మస్జిద్‌లో వజూ ఖానాలో రెండు కొళాయిలు కారుతూనే ఉంటాయి. మొహల్లాలో పక్షవాతం వచ్చినవాళ్ళ ఇళ్ళలో చక్రం ఊడిన వీల్ చైర్లు, రబ్బరు అరిగిన వాకర్లు ఉంటాయి. ఆడపిల్లల స్కూలు సైకిళ్ళు గాలి లేక గోడకు ఆనించి ఉంటాయి. రిహల్ చూడండి, ఖురాన్ పెట్టుకునే రిహల్. ఒకే చెక్కను చీల్చి, మధ్యలో కీలు చెక్కి, అతుకు లేకుండా విప్పడం అంటే అసలైన హునర్. ఇప్పుడు అందరూ ప్లాస్టిక్‌వి కొంటున్నారు. రంజాన్‌కు ముందు ఇరవై రిహళ్ళు చేసి మదర్సాకు ఇవ్వండి. ఆ పిల్లవాడు సూరా చదువుతున్నప్పుడల్లా "ఇది మా దాదా చేశారు" అంటాడు. ఆ దాదాకు ఆ రాత్రి నిద్ర పడుతుందో లేదో చూద్దాం.

సుత్తి పట్టుకుంటే షుగర్ తగ్గుతుందని నేను చెప్పడం లేదు. మాత్రలు మానొద్దు. షుగర్ ఉన్నవాళ్ళ సంగతి ముందే ఆలోచించాలి కూడా. కాలికి చిన్న దెబ్బ తగిలినా మానదు, కాబట్టి చెప్పులతో రానివ్వొద్దు, మూసిన బూట్లు వేసుకోవాలి. మొదటి ఏడాది కరెంటు రంపం లోపలికి రాకూడదు. చేతి రంపం చాలు. చేయి వణికేవాళ్ళకు గరుకు కాగితం రుద్దే పని ఇవ్వండి, లేదా మేకులు ఏరి సీసాల్లో వేసే పని ఇవ్వండి. ఏ పనీ వద్దనుకున్నవాళ్ళు చాయ్ కాచవచ్చు. ఊరికే కూర్చుని అందరి పనికీ వంకలు పెట్టేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు, ఉండనివ్వండి, అదీ ఒక డ్యూటీనే.

డబ్బు తీసుకుని పని చేయొద్దు. పక్క వీధిలో వెల్డింగు షాపు పెట్టుకుని పిల్లల్ని సాకుతున్న కుర్రాడి రిజ్క్ మీద మన ముసలాళ్ళు కాలు పెట్టకూడదు. బేవా ఇళ్ళకు, మదర్సాకు, స్కూలుకు, మస్జిద్‌కు చేయండి. బయటివాళ్ళ పని వస్తే ఆ కుర్రాడి దగ్గరకే పంపండి, వాడు నెలకోసారి వచ్చి వైస్ సరిచేసి పోతాడు.

ఆడవాళ్ళ మాటేంటని అడిగేవాళ్ళకు: మన ఇళ్ళలో కుట్టు మెషీన్ చుట్టూ ఆడవాళ్ళ మజ్లిస్ ఎప్పటినుంచో ఉంది, దానికి ఎవరి ఇజాజత్ అక్కర్లేకపోయింది. వాళ్ళకూ ఔజార్లు కావాలంటే మధ్యాహ్నం పూట గది వాళ్ళది. మొదటి షెడ్డు తలుపు తీసింది ఒక ఆడమనిషేనని మరిచిపోవద్దు.

ఇంకో భయం ఉంది. ఎవరూ పైకి అనరు, అందరి మనసులో ఉంటుంది. గడ్డాలు పెంచిన మనుషులు పదిమంది ఒక గదిలో ఇనుప సామానుతో కూర్చుంటే ఈ రోజుల్లో ఎవరు ఏ వీడియో తీసి ఏ పేరు పెడతారో? ఈ భయం ఉత్తిదే అని నేను మీకు చెప్పలేను, రోజూ వార్తలు రాసేవాణ్ణి. అందుకే గది మస్జిద్ సెహన్ లోపల వద్దంటున్నాను. రోడ్డు వైపు షట్టర్ కావాలి, పూర్తిగా పైకెత్తి ఉండాలి, దారిన పోయే ప్రతివాడికీ లోపల ఏం జరుగుతోందో కనబడాలి. రిటైరైన తెలుగు మాస్టారు రావాలి, వడ్రంగం మానేసిన ఆచారి గారు రావాలి. చెక్క పని మనకు నేర్పాల్సింది ఆయనే. ఆచారి గారి ఇంటి ముందూ అదే ప్లాస్టిక్ కుర్చీ ఉంది, నేను చూశాను.

ఇక ఖర్చు. నేను లెక్క వేసింది ఏమీ లేదు, ఎందుకంటే సామాను మన ఇళ్ళలోనే ఉంది. చనిపోయిన ఉస్తాద్‌ల పెట్టెలు మంచాల కింద తుప్పు పడుతున్నాయి. బీబీలు వాటిని అమ్మలేక, వాడలేక దాచారు. అడిగితే ఇస్తారు, మర్హూమ్ పేరు మీద సదఖా జారియా అవుతుందంటే సంతోషంగా ఇస్తారు. పానాలు, పేచ్‌కస్‌లు కిరోసిన్ దొరక్కపోతే డీజిల్‌లో ఒక రాత్రి నానబెట్టండి, తుప్పు వదులుతుంది. కొడుకులూ, మీరు దుబాయ్ నుంచి అత్తరు, ఖర్జూరం తెస్తారు కదా, ఈసారి ఒక మంచి వైస్ కొనివ్వండి. అబ్బా పాత సుత్తి ఇంకా ఇనుప కొట్టుకు పోకపోతే, ఈ రాత్రే ఫోను చేసి ఆపండి.

వేళ పొద్దున పది నుంచి జుహర్ అజాన్ వరకు. తాళం చెవి ఇమామ్ సాబ్ దగ్గరో సదర్ సాబ్ దగ్గరో వద్దు. పదింటికి ముందే వచ్చి గుమ్మంలో నిలబడే మనిషి ఎవరో వారం తిరక్కుండానే తెలుస్తుంది, చెవి ఆయనకే ఇవ్వండి. చెక్కకు వేప చాలు. టేకు కొనకండి, మొదటి నెల అందరూ చెడగొడతారు.